టేకు పలకకు పాలిష్ పట్టే ముందు

అల్లుడికి,
సిరొంచ నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. డైనింగ్ టేబుల్ పైపలక చక్కగా కుదిరింది, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు కోట్లు (పూతలు) లక్క పాలిష్ పడ్డాక కూడా సూదిమొనంత గుంటలు కనిపిస్తున్నాయి, ఇంకో రెండు కోట్లు వేస్తే నిండుతాయా అని అడిగావు. నిండవు. అక్కడే ఆపేయ్.

ఆ గుంటలు చెట్టు నీళ్లు తాగిన గొట్టాలు. టేకుకు ఏటా పెరుగుదల మొదలయ్యేటప్పుడు వచ్చే కర్రలో అవి పెద్దవిగా ఉంటాయి. పలక కోసినప్పుడు నిలువునా చీలి సన్నటి కాలువల్లా తెరుచుకుంటాయి. జిట్రేగి, నల్లమద్దిలోనూ గొట్టాలు పెద్దవే. పాలిష్‌లోని స్పిరిట్ ఆరిపోయేకొద్దీ పొర గుంటలోకి కుంగుతుంది. ఎన్ని కోట్లు వేసినా అది గుంట వెంటే పోతుంది. అందుకే పాలిష్‌కు ముందు గుంటల్ని ఫిల్లర్‌తో, అంటే పూడ్చే ముద్దతో, నింపాలి.

ఇప్పుడు పలకను 220 నంబరు గరుకు పేపర్‌తో, చార (కర్రలోని గీతలు) వెంబడే రుద్ది పైపొర తీసెయ్. గుంటల్లో మిగిలిన లక్కతో నష్టం లేదు. కొత్త పలకైనా ముందు పలచటి లక్క ఒక కోటు వెయ్యాలి. లేకపోతే ఫిల్లర్‌లోని రంగు కర్రంతా పీల్చుకుని మచ్చలు పడుతుంది. రుద్దాక గట్టి బ్రష్‌తో గుంటల్లోని పొడి దులుపు. చాలామంది ఈ పని వదిలేస్తారు. పొడి కూరుకున్న గుంటలో ఫిల్లర్ నిలవదు.

ఫిల్లర్ నువ్వే కలుపుకో. చాక్ పౌడర్, అంబర్ (ముదురు గోధుమ రంగు మట్టి) పొడి, డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె), కొంచెం టర్పెంటైన్, పట్టు కోసం కాస్త వార్నిష్. దోసె పిండంత చిక్కగా ఉండాలి. రంగు కర్రకన్నా ఒక పిసరు ముదురుగా కలుపు. టేకు వెలుతురు తగిలేకొద్దీ రంగు తిరుగుతుంది, లేత ఫిల్లర్ తర్వాత తెల్లటి గీతల్లా బయటపడుతుంది. రంపపు పొట్టులో జిగురు కలిపి పూసే అలవాటు మాత్రం నేర్చుకోకు. జిగురు పడ్డచోట రంగు ఎక్కదు.

చారకు అడ్డంగా, గోనెగుడ్డతో గుంటల్లోకి దిగేలా రుద్ది రుద్ది పట్టించు. పలక మొత్తం ఒకేసారి పూయకు, చేతికి అందినంత మేర చాలు. తడి మెరుపు పోయి పైన మసకబారగానే తుడవాలి. అంతకుముందే తుడిస్తే గుంటలోది కూడా గుడ్డతో వచ్చేస్తుంది, ఆలస్యమైతే రాయిలా బిగుస్తుంది. ఎన్ని నిమిషాలని చెప్పలేను, ఎండను బట్టీ గాలిని బట్టీ మారుతుంది. అంచు మీద వేలు పెట్టి చూస్తూ ఉండు. తుడిచేటప్పుడూ అడ్డంగానే. చివర్లో మాత్రం చార వెంబడి తేలిగ్గా ఒక్కసారి.

ఆరాక కాస్త కుంగుతుంది, అందుకే టేబుల్ పైపలకకు రెండోసారి పట్టించడం మంచిది. కాళ్లకు ఒకసారి చాలు. తలుపులకైతే చార తెలిసేలా వదిలేసినా అందంగానే ఉంటుంది. 2023లో అయోధ్య గుడికి బల్లార్షా నుంచి పోయిందీ మన వైపు టేకే. ఆ చారను చూసే కదా జనం దీన్ని కోరుకునేది, దాన్ని కప్పెట్టేలా పైన ఫిల్లర్ పొర మిగల్చకు.

ఇక ఆరబెట్టడం. వేసవిలోనే ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. ప్రాణహిత నిండుగా పారే ఈ రోజుల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు, రంగు అంటితే ఆరనట్టే. పచ్చి ఫిల్లర్ మీద పాలిష్ పడితే గుంటలు బూడిద రంగుకు తిరుగుతాయి, మళ్లీ మొదటికి రావాలి. కస్టమర్ ఎంత తొందరపెట్టినా తేదీ వెనక్కి జరుపు. ఆ టెన్షన్ పడలేక పచ్చిగా ఉండగానే పాలిష్ వెయ్యకు. పీయూ (పాలీయురేథేన్ పాలిష్) కావాలని అడిగేవాళ్లకైతే ఈ నూనె ఫిల్లర్ వద్దు, ఆ పీయూ కంపెనీ చెప్పిన ఫిల్లరే కొను.

పాలిష్ మొదలుపెట్టే ముందు రాత్రిపూట లైట్లు ఆపి, టార్చి పలకకు ఆనించి అడ్డంగా వెయ్యి. మిగిలిన గుంట ప్రతిదీ నీడతో కనిపిస్తుంది.

నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు. లిన్‌సీడ్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి పెరిగి వాటంతట అవే అంటుకుంటాయి. చుట్టూ చెక్కపొట్టు ఉన్న షాపు నీది. విప్పి బయట తీగమీద ఆరెయ్యి, లేదా నీళ్ల బకెట్లో ముంచు.

ముందు ఇదంతా ఒక చిన్న ముక్క మీద చేసి ఫొటో పంపు, రంగు చూసి చెబుతాను.

మీ మామ