నవంబరులో స్వీడన్ వస్తున్న చెల్లికి

చెల్లీ,

"అక్కా, బాబుకి ఐదేళ్ళు, పాపకి ఏడాదిన్నర. నవంబరు రెండో వారంలో లుద్వీకా వస్తున్నాం. మైనస్ పదిలో కూడా పిల్లల్ని బయట ఆడిస్తారట, నిజమేనా? ఈ మొదటి చలికాలం వాళ్ళని ఇంట్లోనే ఉంచేద్దామనుకుంటున్నాను" అని రాశావు. నిజమే, ఆడిస్తారు. ఇంట్లో ఉంచేయడం మాత్రం వద్దమ్మా. పన్నెండేళ్ళుగా లుద్వీకా ఉన్న ఈ దాలార్నా ప్రాంతంలోనే ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్ని ఈ మంచులోనే పెంచాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ పిల్లల్ని బాధపెట్టేది తడి. పెద్దవాళ్ళని కుంగదీసేది చీకటి. ఈ రెండింటి సంగతీ చూసుకుంటే చలిని తట్టుకోవచ్చు.

ముందు చీకటి సంగతి. మనం ఉండేది 60 డిగ్రీల అక్షాంశం మీద. డిసెంబరు మూడో వారానికి పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఉదయం తొమ్మిదికి అటూ ఇటూగా తెల్లారుతుంది, మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు గూకుతుంది. మీ ఆయన చీకట్లో ఆఫీసుకెళ్ళి చీకట్లోనే ఇంటికొస్తాడు. పాపతో ఇంట్లో ఉండేది నువ్వు కాబట్టి పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య వంట పని పెట్టుకోకు. ఆ వేళ పాపని తీసుకుని బయటికి నడువు. మబ్బుగా ఉన్నా సరే. నవంబరు గడ్డు నెల, ముందే చెబుతున్నాను. మంచు ఇంకా నిలవదు, వాన, బురద, ఆకు రాలిన చెట్లు. అది చూసి "ఇదేనా స్వీడన్" అనుకోకు. మంచు పడి నిలిచిన రోజున రాత్రి పూట కూడా ఊరంతా తెల్లబడుతుంది. వీధి దీపం వెలుగు నేల మీంచి పైకి తిరిగొచ్చి ఇంట్లోకి పడుతుంది. ఆ మొదటి రాత్రి కర్టెన్లు వెయ్యకు.

ఇక తడి. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు, మా మొదటి చలికాలం, తణుకు నుంచి అమ్మ పంపిన నూలు బనియన్లు రెండు వేసి, జీన్స్ తొడిగి, పైన లావుపాటి జాకెట్ వేసి పంపాను. అరగంట బాగానే గెంతింది. తర్వాత మంచులో కూర్చుని ఏడుపు. ఇంటికి తెచ్చి విప్పితే జీన్స్ మోకాళ్ళ దగ్గర అట్ట కట్టి ఉంది, లోపలి బనియను చెమటకి తడిసి వీపుకి అతుక్కుని ఉంది, వీపు మంచుగడ్డలా ఉంది. పైనున్న జాకెట్టు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? నూలు చెమటని పీల్చుకుని వదలదు. ఒంటికి తగిలేది ఊలు ఉండాలి, పల్చటి మెరినో ఊలు. దాని మీద ఫ్లీసు గానీ మరో ఊలు స్వెట్టరు గానీ. అన్నిటి మీదా నీళ్ళు దిగని ఓవరాల్, అంటే మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే ముక్కగా ఉండే తొడుగు. ఇంతే. మైనస్ పదిహేను దాకా పిల్లలు దీంతో హాయిగా ఆడతారు.

కాళ్ళకి ఒక జత ఊలు మేజోళ్ళు చాలు. చలని భయపడి రెండు జతలు వేసి బూటులో కుక్కితే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. బూటులో సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో ఉండే గాలే వెచ్చదనం. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ వద్దు, నాలుగు వేళ్ళూ కలిసి ఉండేవి కొను. మెడకి మఫ్లరు బదులు గొట్టంలా ఉండే ఊలుది వెయ్యి. జారుడుబల్ల మీద మఫ్లరు చిక్కుకుంటే ప్రమాదం. చల్లగా ఉన్న చేతులు పట్టుకుని కంగారుపడకు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, అక్కడ వెచ్చగా ఉంటే బిడ్డ బాగానే ఉన్నట్టు. బుగ్గ మీద తెల్లటి మచ్చలా కనిపిస్తే రుద్దకూడదు. నీ వట్టి అరచేయి దాని మీద ఆనించి ఉంచు, రంగు తిరిగొచ్చాక ఇంటికి తీసుకుపో.

ఇవేవీ హైదరాబాదులో కొనకు, పెట్టె బరువు దండగ. ఓవరాళ్ళు ఇక్కడ పాత బట్టల షాపుల్లో శుభ్రంగా దొరుకుతాయి, ఎటూ ఏడాదికొక సైజు మారుతుంది. స్కీలు, స్కేట్లు, హెల్మెట్లు అయితే కొననే అక్కర్లేదు. ఫ్రీటిడ్స్‌బాంకెన్ అని ఉంది, గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టు ఆట సామాను 14 రోజులు ఊరికే ఇస్తారు. 2013లో వేర్మ్‌లాండ్ అనే ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళో మొదలై ఇప్పుడు దేశమంతా ఉంది. మా పిల్లల మొదటి స్కీలు అక్కడివే.

బళ్ళో, అంటే ఫోర్‌స్కూలాలో, రోజూ బయటికి తీసుకెళ్ళడం వాళ్ళ పద్ధతి. రెండు జతల మార్పు బట్టలు, అదనంగా ఒక జత చేతి తొడుగులు, అన్నిటి మీదా పేరు రాసి ఇవ్వు. చిన్నపిల్లల్ని తోపుడుబండిలో బయటే నిద్రపుచ్చుతారని విని నువ్వూ గుండె పట్టుకుంటావేమో. మా రెండోవాడు పుట్టినప్పుడు అమ్మ వచ్చింది. బండిలో గొర్రెచర్మం పరిచి, ఊలు టోపీ పెట్టి, వాణ్ణి వరండాలో పడుకోబెడుతుంటే "పసిగుడ్డుని చలిలో పారేస్తారటే" అని నా చెయ్యి పట్టుకుంది. ప్రతి పది నిమిషాలకీ తలుపు తీసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వాడు రెండు గంటలు కదలకుండా నిద్రపోయాడు. వారం తిరిగేసరికి తనే "బయట పడుకోబెట్టవే, లోపల చిరాకు పడుతున్నాడు" అంది.

విటమిన్ డి చుక్కల సంగతి పిల్లల ఆరోగ్య కేంద్రంలో నర్సుని అడుగు. రెండేళ్ళ లోపు పిల్లలకి అవి ఇస్తారు, బాబుకి కావాలో లేదో కూడా వాళ్ళే చెబుతారు. కారులో మాత్రం ఓవరాల్ విప్పేసి సీటు బెల్టు పెట్టు. లావు బట్ట మీద బెల్టు బిగిసినట్టే ఉంటుంది గానీ బిడ్డని పట్టి ఉంచదు. చీకట్లో నడిచే ప్రతి ఒక్కరికీ, నీకూ, వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్స్ ఉండాలి. ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషి డ్రైవరుకి పాతిక ముప్ఫై మీటర్ల దూరంలోగానీ కనపడడు. రిఫ్లెక్స్ ఉంటే 125 మీటర్ల నుంచే కనపడతాడు.

సరే, ఇప్పుడు నాకిష్టమైన భాగం. మనకి పొగమంచు, హిమాలయాల మీది మంచు, అన్నీ మంచే. ఇక్కడికొచ్చాక తేడాలు చేతికి తెలుస్తాయి. మైనస్ పన్నెండులో పడిన మంచుని గుప్పిట పట్టి చూడు, పొడి బియ్యప్పిండిలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, ముద్ద కాదు. బాబు ఎంత ఏడ్చినా ఆ రోజు మంచుమనిషి తయారు కాడు. సున్నాకి దగ్గరగా వచ్చిన రోజు అదే మంచు చలిమిడికి దంచిన తడిపిండిలా పట్టు కడుతుంది. ఆ రోజు పని మానుకునైనా బయటికి వెళ్ళండి. పిడికెడు ఉండలు చేసి నేల మీద గుండ్రంగా పేర్చి, వరస మీద వరస లోపలికి తగ్గించుకుంటూ గోపురంలా కట్టి, మధ్యలో కొవ్వొత్తి పెట్టి, పై ఉండతో మూసెయ్యాలి. ఉండల సందుల్లోంచి పసుపు వెలుగు బయటికొస్తుంది. దీన్ని స్నోలిక్తా అంటారు. కార్తీక మాసం చివర్లో మంచు పడితే మేము గుమ్మం ముందు ఇవే కడతాం.

ఊరు దాటి అడవిలోకి నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అల్లెమాన్స్‌రెట్టెన్ అనే హక్కు ఉంది, 1994 నుంచి రాజ్యాంగంలోనే రాసి పెట్టారు. ఇళ్ళకి మరీ దగ్గరగా పోకుండా, దేన్నీ పాడుచేయకుండా ఎవరి అడవిలోనైనా తిరగొచ్చు. తెల్లటి పొలాల మధ్య ఆ ఎర్రటి చెక్క ఇళ్ళు చూస్తావు, ఆ రంగు మన పక్కనున్న ఫాలూన్ రాగి గని మట్టిది. గని 1992లో మూతపడింది, రంగు మాత్రం ఇంకా తయారవుతోంది. బాబుకి కుందేలు అడుగులు చూపించు. వెనక కాళ్ళ గుర్తులు పెద్దవి, అవి ముందు కాళ్ళ గుర్తుల కంటే ముందు పడి ఉంటాయి. మా వాడు ఒక శనివారం పూట ఆ అడుగుల వెంటే పడి మధ్యాహ్నమంతా నడిచాడు. ఒక్కటి మరవద్దు: స్కీల కోసం మిషనుతో గీసిన రెండు గాడుల మీద బూట్లతో నడవకండి. మన వాళ్ళు తెలియక నడుస్తుంటారు, అది ముగ్గు తొక్కినట్టే.

లుద్వీకా పక్కనే ఉన్న వెస్మన్ సరస్సు గడ్డకట్టినప్పుడు జనం దాని మీద స్కీలు వేస్తారు, స్కేటింగ్ చేస్తారు. అది చూసి పిల్లలతో మీరే దిగిపోవద్దు. మనిషి నడవడానికి గడ్డకట్టిన గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలి. వాగు కలిసే చోట, వంతెన కింద ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. మెడలో ఈస్‌దుబ్బార్, అంటే పడిపోతే మంచుకి గుచ్చి పైకి పాకడానికి పనికొచ్చే మేకుల జత, లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు. అలవాటున్న వాళ్ళతో తప్ప వెళ్ళకండి. అత్యవసరమైతే 112.

తిండి. పులిహోర తీసుకెళ్ళకు, అన్నం బిరుసుగా రాళ్ళలా అయిపోతుంది. థర్మాసులో మిరియాల చారు పొయ్యి, వెడల్పు మూత ఫ్లాస్కులో నెయ్యి వేసిన వేడి ఉప్మా. అడవి దారుల్లో మూడు పక్కల దుంగల గోడలతో చిన్న పాకలు, ముందు నిప్పు వేసుకునే చోటు ఉంటాయి. ఇక్కడివాళ్ళు సాసేజీలు కాల్చుకుంటారు. మేము భోగికి దగ్గర పడే ఆదివారం నాలుగు కుటుంబాలు అక్కడే మంట వేస్తాం. రేగుపళ్ళు దొరకవు కదా, సెప్టెంబరులో పిల్లలు ఏరి ఫ్రీజర్లో దాచిన లింగన్ పళ్ళే, అడవిలో కాసే చిన్న ఎర్ర పళ్ళు, మా భోగిపళ్ళు. టోపీల మీంచి దొర్లి మంచు మీద ఎర్రగా పడతాయి. పిల్లలు మళ్ళీ ఒక్కొక్కటీ ఏరుకుంటారు.

మార్చి దాకా ఓపిక పట్టు. పొద్దు సాయంత్రం ఆరు దాకా ఉంటుంది, మంచు ఇంకా నిండుగా ఉంటుంది, ఎండ ముఖానికి తగులుతుంది. దీనికి వోర్‌వింటర్, అంటే వసంతపు చలికాలం, అని వేరే పేరే పెట్టుకున్నారు. మార్చి మొదటి ఆదివారం సేలెన్ నుంచి మూరా దాకా 90 కిలోమీటర్ల స్కీ పందెం, వాసాలోప్పెట్, 1922 నుంచి జరుగుతోంది. మేము దారి పక్కన నిలబడి ఎవరో తెలియని వాళ్ళకి కూడా చప్పట్లు కొడతాం. ఈసారి మీరూ మా కారులో వద్దురుగాని.

బాబు పాదం కొలత పంపు. ఊలు మేజోడు వేసి, కాగితం మీద నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలి చివరి దాకా సెంటీమీటర్లలో. మా వాడికి చిన్నవైన స్కీ బూట్లు అటక మీద ఉన్నాయి, సరిపోతాయేమో చూస్తాను.