‘ఓవర్‌ఫ్లో’కు భూతకాలం ‘ఓవర్‌ఫ్లోన్’ ఎందుకు కాదు?

‘ఓవర్‌ఫ్లో’లో సిలబుల్స్ ఎన్ని, దేన్ని నొక్కి పలకాలి, భూతకాలంలో ‘ఓవర్‌ఫ్లోన్’ అనవచ్చా అని అడిగారు. చివరిదాంట్లో నేనే తప్పు చేశాను కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మరిచిపోరు. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. సెలవు అడుగుతూ బెంగళూరు ఆఫీసుకు మెయిల్ పెట్టాను: ‘ద రివర్ హ్యాజ్ ఓవర్‌ఫ్లోన్.’ మా టీమ్ లీడర్ వెంటనే సెలవిచ్చారు. వారం తర్వాత విడిగా పిలిచి, ఓవర్‌ఫ్లోన్ అనేది ‘ఓవర్‌ఫ్లై’ రూపమనీ, దేని మీదుగానో ఎగిరి వెళ్ళడమనీ ఓపికగా చెప్పారు. ఆ మంచితనం నాకిప్పటికీ గుర్తుంది.

గ్రో–గ్రోన్, త్రో–త్రోన్ అలవాటై మనం ఇక్కడ పొరబడతాం. కానీ ‘ఫ్లో’కు భూతకాలం ‘ఫ్లోడ్’. అందుకే ‘ఓవర్‌ఫ్లోడ్’. ఇలాంటి జంట క్రియల్లో కాలాన్ని మోసేది వెనక మాటే: ఓవర్‌కమ్–ఓవర్‌కేమ్, అండర్‌స్టాండ్–అండర్‌స్టుడ్. మన ‘పొంగిపొర్లు’ చూడండి. పొంగిపొర్లుతోంది, పొంగిపొర్లింది, ‘పొంగి’ కదలదు, మారేదంతా ‘పొర్లు’. ఇది తట్టాక నాకు ఇంగ్లీషు క్రియలంటే టెన్షన్ చాలా తగ్గింది.

సిలబుల్స్ మూడు: ఓ, వర్, ఫ్లో. బడిలో నేర్చిన గణవిభజనతో చూస్తే మూడూ గురువులే, మగణం. లెక్కకు అది పనికొస్తుంది గానీ పలకడానికి చాలదు. గురువు, లఘువు అన్నవి పలికే సమయానికి సంబంధించినవి. ఇంగ్లీషులో చూడాల్సింది గొంతు ఎక్కడ బలంగా పడుతుందన్నది. క్రియ అయితే ‘ఫ్లో’ మీద: ‘ద ట్యాంక్ విల్ ఓవర్‌ఫ్లో.’ నామవాచకం అయితే మొదటి ‘ఓ’ మీద: మిద్దె మీద ట్యాంకుకు పెట్టే ‘ఓవర్‌ఫ్లో పైపు’. తెలుగులో మాట్లాడేటప్పుడు రెండూ ఒకేలా అనేస్తాం, దాంతో తేడా చెవిన పడదు. మోటారు వేసిన ప్రతిసారీ రెండు వాక్యాలూ పైకి అనుకుంటూ నేను సరిచేసుకున్నాను.

‘ఫ్లో’ను ‘ఫులో’ అని విడగొట్టకండి. పైపళ్ళు కింది పెదవికి ఆనించి గాలి వదిలి, ఆగకుండా ‘ల’లోకి వెళ్ళాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, రోడ్డు అన్నట్టే ‘ఓవర్‌ఫ్లోడు’ అని నోరు తిరుగుతుంది. అప్పుడు నాలుగో సిలబుల్ వచ్చి చేరుతుంది. చివర ‘డ్’ దగ్గర ఆపేయండి, భూతకాలంలోనూ మూడే.