చతికిలబడితే మొండితనమేనా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది. బడి గేటు దాటి మెట్ల దగ్గరికి రాగానే చతికిలబడతాడు. లేపబోతే ఒళ్లు వదిలేస్తాడు. బతిమాలి బతిమాలి చివరికి ఎత్తుకుపోతున్నాం. నా గారాబమే కారణమని అత్తగారు అంటున్నారు. బిహేవియర్ థెరపీతో మారతాడా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మారతాడమ్మా. బిహేవియర్ థెరపీ అంటే ప్రవర్తనను మెల్లగా మార్చే శిక్షణే. మీ గారాబం వల్ల డౌన్ సిండ్రోమ్ రాలేదు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే కారణమని 1959లోనే తేలింది. అయినా తల్లులు ఇప్పటికీ మాటలు పడుతున్నారు. అది ఆగాలి.

మొండివాడని ముద్ర వేసేముందు బాబును డాక్టరుకు చూపించండి. ఈ పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులు. మెట్లెక్కితే త్వరగా అలిసిపోతారు. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది కాబట్టి, ఇప్పటిదాకా ఎకో (గుండె స్కాన్) తీయించకపోతే ఇప్పుడైనా తీయించండి. థైరాయిడ్, వినికిడి పరీక్షలు ఏటా చేయించాలి. కర్ణభేరి వెనక నీరు చేరితే సగం మాటలు వినపడవు, మనమేమో మాట వినడం లేదంటాం. గురక పెడుతుంటే నిద్ర పరీక్ష అవసరం. నడక కొత్తగా మారినా, మెడ నొప్పి అన్నా, తల ఒకవైపు వాల్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. మెడ పైభాగంలో వెన్నుపూసలు జారి నరాలను నొక్కుతుండవచ్చు.

ఇవేవీ లేవని తేలాక ఒక వారం నోటుపుస్తకంలో మూడు గడులు గీసి రాయండి: ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, వెంటనే మీరేం చేశారు. మూడో గడిలో రోజూ ‘ఎత్తుకున్నాం’ అనే ఉంటే, కూర్చుంటే ఎత్తుకుంటారని బాబు నేర్చుకున్నట్టే. తప్పు వాడిది కాదు, ఆ పాఠం మనమే చెప్పాం.

ఇక కొత్త పాఠం. విన్నదానికన్నా చూసింది ఈ పిల్లలకు బాగా గుర్తుంటుంది. గేటు, మెట్లు, తరగతి, ఇష్టమైన బొమ్మ – నాలుగు ఫోటోలు వరుసగా అట్టకు అంటించి ఇంట్లోనే చూపించండి. మెట్ల దగ్గర ‘ఎక్కుదాం’ అని ఒక్కసారే అని, పది సెకన్లు ఆగండి. ఈలోపు మళ్లీ మళ్లీ చెబితే మొదటి మాట అర్థం చేసుకునే వ్యవధి కూడా దొరకదు. అలిసినప్పుడు ‘ఆగుదాం’ అని చెప్పే సైగ నేర్పండి. సైగ చేసిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగనివ్వండి. రెండు మెట్లెక్కినా అక్కడికక్కడే మెచ్చుకోండి, సాయంత్రం ఇంటికొచ్చాక కాదు. కూర్చుండిపోతే చేయి పట్టి లాగొద్దు, కీలు తప్పుతుంది. పక్కనే మౌనంగా నిలబడి ఫోటో చూపించండి.

ఎత్తుకోవడం మానేసిన మొదట్లో పేచీ పెరుగుతుంది. చాలామంది అక్కడే ఓడిపోయి ఎత్తుకుంటారు. దాంతో ఇంకా గట్టిగా ఏడిస్తే పని అవుతుందని పిల్లవాడికి అర్థమవుతుంది. అందుకే తాతయ్య, బడి ఆయా, ఆటో అతను అందరూ ఒకే పద్ధతి పాటించాలి.

ప్రశ్న: సైకాలజీతో డిగ్రీ చేశాను. పిల్లల థెరపీలోకి రావాలనుంది. ఫలితం కనిపించని పని అని ఇంట్లో వద్దంటున్నారు.
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఫలితం కనిపిస్తుందమ్మా, కాకపోతే చిన్న ముక్కలుగా. నిక్కరు తొడుక్కోవడమే తీసుకోండి. దాన్ని అయిదు మెట్లుగా విడగొట్టి, నాలుగు మీరు చేసి, తుంటి నుంచి నడుముదాకా లాగే చివరి మెట్టు పిల్లవాడికి వదలాలి. అది వచ్చాక దాని ముందుది. ఇలా వెనక నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసిన సంతోషం పిల్లవాడికే దక్కుతుంది. నడుము పట్టీ రెండు బొటనవేళ్లతో పట్టుకుని పైకి లాగి, మీ ముఖంలోకి చూసి నవ్వే ఆ క్షణం కోసమే చాలామంది ఈ పనిలో ఉండిపోతారు.

భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న కోర్సే చేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో ప్రత్యేక విద్య కోర్సులున్నాయి. చేరేముందు ఏదైనా కేంద్రంలో కొన్నాళ్లు కూర్చుని చూడండి. తల్లిదండ్రులను గదిలోకి రానివ్వని చోట, పిల్లవాడి ప్రగతి రోజూ రాసిపెట్టని చోట పని నేర్చుకోవద్దు.