గుర్రం, పంది బదులు తోడేలు, కుక్క పెట్టి చూడండి

వాక్యం విని సరైన బొమ్మ చూపించమనే మీ పరీక్షలో, భాషాలోపం ఉన్న గ్రీకు పిల్లలతో పాటు మామూలు పిల్లలూ ‘పంది తరిమే గుర్రం’ అన్నప్పుడు తప్పు బొమ్మ చూపిస్తున్నారని రాశారు. చిక్కు మీ వాక్యంలోనే ఉందండి. గ్రీకులో ఆ రెండూ నపుంసకలింగం. కర్తయినా కర్మయినా ముందుండే ‘తొ’ (ఇంగ్లిషు ‘ద’ లాంటిది) మారదు. ‘తొ ఆలొఘొ (గుర్రం) పు (ఇంగ్లిషు ‘దట్’ లాంటిది) కినిఘాయి (తరుముతుంది) తొ ఘురూని (పంది)’ అంటే ఎవరు ఎవర్ని తరిమినట్టయినా సరే! పాపం, పిల్లలేం చేస్తారు?

పుంలింగ పదాలు తీసుకోండి. వాటి ముందు కర్తయితే ‘ఒ’, కర్మయితే ‘తొన్’ వస్తుంది. ‘ఒ లీకొస్ (తోడేలు) పు కినిఘాయి ఒ స్కీలొస్ (కుక్క)’ అంటే కుక్క తరిమే తోడేలు. చివర ‘తొన్ స్కీలొ’ అంటే కుక్కను తరిమే తోడేలు. మన ‘ను’ చేసే పనే ఇక్కడ ‘తొన్’ చేస్తోంది.

అప్పుడు కూడా మొదటి రకంలోనే పిల్లవాడు తడబడితే అది గమనించాల్సిన ఇబ్బంది. ముందు విన్న తోడేలునే కర్తగా పట్టుకుంటున్నాడన్నమాట. ‘పు’ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కనుక సాయపడదు, ‘స్కీలొస్’ ముందుండే ‘ఒ’ వినేదాకా ఆగాలి. ఆ ‘ఒ’ను కాస్త నిదానంగా పలికి మళ్లీ అడగండి.