డాక్టర్ సలహా: గడప దగ్గర కాళ్లు కదలడం లేదు... ఫిజియోథెరపీతో లాభముంటుందా?

ప్రశ్న: మా నాన్నకు 67 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారు. వణుకు తగ్గింది గానీ, బాత్‌రూమ్ గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నారు. పోయిన నెల అక్కడే పడ్డారు. డాక్టరు ఫిజియోథెరపీ చేయించమన్నారు. ‘ఎలాగూ పెరిగే జబ్బే, డబ్బు దండగ’ అంటున్నారు బంధువులు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: చేయించండమ్మా. మీవాళ్ల మాటలో సగం నిజం. ఫిజియోథెరపీతో ఈ జబ్బు నయం కాదు. కానీ మీ నాన్నగారికి ఇప్పుడున్న పెద్ద ముప్పు పడిపోవడం. తుంటి ఎముక విరిగితే మంచం పట్టేస్తారు.

నడక మనం ఆలోచించకుండా చేసే పని. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గాక ఆ అలవాటు దెబ్బతింటుంది. గడప, ఇరుకు సందు, మలుపు రాగానే అడుగు పడదు. దీన్ని ఫ్రీజింగ్ అంటాం. మాత్రలతో ఇది ఒక్కోసారి పూర్తిగా తగ్గదు. విచిత్రంగా, ఇలా ఆగిపోయే మనిషే మెట్లు మాత్రం చకచకా ఎక్కేస్తుంటారు. మెట్టు కంటికి కనిపిస్తుంది కదా, కాలు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టులు వాడుకునేది ఈ కిటుకునే. బాత్‌రూమ్ ముందు ఒక్కో అడుగు దూరంలో రంగు టేపు అడ్డంగా అతికించి, ‘గీత దాటండి’ అంటారు. కొందరికి చప్పట్ల తాళం చాలు.

ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి. ప్రేమతోనే అయినా దాదాపు అందరూ చేసే తప్పిది. ఒళ్లు ముందుకొస్తుంది, పాదం రాదు. ‘నాన్నా, ఒక్క క్షణం ఆగు. బరువు ఇటూ అటూ వెయ్యి. ఇప్పుడు పెద్ద అడుగు’ అనండి. వెనక్కి తిరగాలన్నా ఉన్నచోటే గిర్రున తిరగకుండా నాలుగడుగులు చుట్టూ వేసి తిరగాలి.

వ్యాయామం మాత్ర పనిచేస్తున్న వేళ పెట్టుకోండి. చాలామందికి వేసుకున్న గంటకు ఒళ్లు తేలికవుతుంది. బిగుసుకుపోయినప్పుడు చేయిస్తే విసుగొచ్చి మానేస్తారు. ఇంకోమాట, కరెంటు పెట్టి, కాపడం పెట్టి పంపేస్తే అది మీ నాన్నగారికి కావాల్సిన ఫిజియో కాదు. కుర్చీలోంచి లేవడం, నడక, బ్యాలెన్స్ నేర్పాలి. పార్కిన్సన్స్ పేషెంట్లను చూసిన అనుభవం ఉందేమో ముందే అడగండి.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రం న్యూరాలజిస్టుకు వెంటనే చెప్పండి. జబ్బు వల్లో మందుల వల్లో బీపీ పడిపోతుండవచ్చు. దానికి టేపు గీతలు పనిచేయవు.