మోకాళ్ల నొప్పి ఉన్న అత్తమ్మతో మల్లెలతీర్థం వెళ్లొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలి, ఎనిమిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పి ఉన్న అత్తమ్మ ఇద్దరూ వస్తున్నారు, అడవిలో కాసేపు నడవాలని ఉంది, నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతం అయితే ఎలా ఉంటుందని అడిగారు కదా. బాబుకైతే బ్రహ్మాండంగా ఉంటుంది. అత్తమ్మను మాత్రం అక్కడి మెట్లు దించకండి. మా అమ్మను తీసుకెళ్లి నేను చేసిన తప్పు మీరు చేయొద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దారి తేలికే. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వెళ్లి శ్రీశైలం రోడ్డు ఎక్కితే డిండి, హాజీపూర్, మన్ననూర్ వస్తాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అడవే. వటవర్లపల్లి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు పోవాలి. ఆ ముక్క నెమ్మదిగా సాగుతుంది, దానికి కొంచెం టైమ్ ఎక్కువే పెట్టుకోండి.

బండి దిగాక జలపాతం దాకా సుమారు 350 మెట్లు. ఇక్కడే అందరం పొరపడతాం. మామూలుగా కొండంటే ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. ఇక్కడ లోయలోకి ముందు దిగాలి, ఒళ్లు అలసిపోయాక ఎక్కాలి. మేం వెళ్లింది అక్టోబర్ చివర్లో. వానలు వెనకబట్టినా నీళ్లు బాగానే ఉన్నాయి. చుట్టూ పచ్చదనం, కిందినుంచి నీళ్ల హోరు. అమ్మ హుషారుగా ఇరవై నిమిషాల్లో దిగేసింది. "ఇదేం కష్టంరా" అని నన్నే ఎగతాళి చేసింది. చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాం.

తిరిగి ఎక్కేటప్పుడు సగం దారిలో అమ్మ కుడి మోకాలు పట్టేసింది. వంచనీయదు, నిలబడనీయదు. మేం అక్కడికి చేరిందే మధ్యాహ్నం మూడింటికి. లోయలో ఎండ తొందరగా పోతుంది, పైన ఇంకా వెలుతురున్నా కింద మసకబారిపోయింది. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే అడవి అని గుర్తొచ్చి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అప్పుడు పైనుంచి దిగుతున్న ఒక చెంచు పెద్దాయన ఆగి, తన చేతిలోని వెదురు కర్ర అమ్మకిచ్చారు. "నిలువుగా ఎక్కకమ్మా, పక్కకు తిరిగి ఒక్కో మెట్టు ఎక్కు, పదికోసారి కూర్చో" అని చెప్పి, పైదాకా మా వెనకే నడిచారు. దిగడానికి ఇరవై నిమిషాలు పట్టిన దారి ఎక్కడానికి గంటంబావు పట్టింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆ కర్ర ఇప్పటికీ మా ఇంట్లో తలుపు మూలన ఉంది.

అత్తమ్మ కూడా వస్తున్నారు కాబట్టి నా సలహా ఉమామహేశ్వరం. అదీ నల్లమలలోనే, అచ్చంపేట దాటాక రంగాపూర్ దగ్గర. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని అంటారు. కొండ మీదికి బండి వెళ్తుంది. అక్కడి నుంచి గుడికి కొండచరియ అంచునే నడక, ఒక పక్క తల మీదికి వాలినట్టుండే బండ, ఇంకో పక్క కింద లోయంతా చెట్లు. నిలువుగా ఎక్కేది తక్కువ. ఎండాకాలంలో కూడా ఆ నీడన చల్లగా ఉంటుంది. చివర పాపనాశనం, బండ కింద నిలిచే నీళ్లు. ఆ మరుసటి ఏడాది అమ్మను అక్కడికే తీసుకెళ్లాను, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. కోతులు మాత్రం ఎక్కువ, అత్తమ్మ చేతిలో కొబ్బరి చిప్పల కవర్ పెట్టకండి.

బాబుకు జలపాతం చూపించాలనుంటే ఇంకో రోజు పెట్టుకోండి, అక్టోబర్, జనవరి మధ్య. మార్చి దాటితే నీళ్లు సన్నబడతాయి, ఆకులు రాలి అడవంతా ఎండుగడ్డి అవుతుంది. అప్పుడు ఒక్క బీడీ ముక్క చాలు నిప్పంటుకోవడానికి. వానలు జోరుగా ఉన్న రోజుల్లో మెట్లు జారతాయి, పిల్లలతో వద్దు. బయల్దేరే ముందు మన్ననూర్‌లో అటవీ శాఖ వాళ్లను అడగండి, ఆ రోజు లోపలికి వదులుతున్నారో లేదో వాళ్లే చెప్తారు.

పొద్దున పదికల్లా మెట్ల దగ్గర ఉండేలా చూసుకోండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి రోడ్డు మీద బండ్లను వదలరు. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రాత్రిపూట రోడ్డు దాటే దుప్పులు, కణుతులు బండ్ల కింద పడకూడదనే ఆ నియమం, దయచేసి బతిమాలి వదిలించుకోవాలని చూడకండి. ప్లాస్టిక్ కూడా 2024 జూలై నుంచి నిషేధం. స్టీలు సీసాల్లో నీళ్లు, డబ్బాల్లో పులిహోర తీసుకెళ్లండి. మిగిలిన అన్నం కోతులకు వేయకుండా ఇంటికే తెచ్చేయండి. రోడ్డు పక్కన మెతుకులకు అలవాటు పడ్డ కోతులు బండ్ల కింద పడి చనిపోవడం ఆ దారిలో నేను రెండుసార్లు చూశాను.

అత్తమ్మకు బూట్లు అలవాటు లేకపోతే వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి, వారం ముందే ఇంట్లో వేసుకుని నడవమనండి.