బోటనీ పీహెచ్‌డీలో ఏఐ అంటే భయపడుతున్నారా? నా మిరప ఆకుల కథ వినండి

మీ ప్రశ్న: "బోటనీలో పీహెచ్‌డీలో చేరాను. గైడు గారు ఏఐ పెట్టమంటున్నారు. యూనివర్సిటీల్లో దాన్ని అసలు ఎలా వాడతారు? కోడింగ్ రాకపోతే కష్టమా?"

నాది ప్లాంట్ పాథాలజీ, అంటే మొక్కల తెగుళ్ళ చదువు. చేరేనాటికి పైథాన్ అంటే పామనే తెలుసు. మూడు నాలుగు నెలల్లో పని జరిగేంత కోడింగ్ వచ్చేసింది. నన్ను ఏడిపించింది అది కాదు.

మిరప ఆకు ఫొటో చూసి పైముడతా, కింద ముడతా, బొబ్బర తెగులా చెప్పే ప్రోగ్రామ్ చేయాలి. మొదటిది తామర పురుగు పని, రెండోది నల్లి పని, మూడోది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. తప్పు మందు కొడితే డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది. ల్యాబ్ పరీక్షలో దాదాపు అన్నీ కరెక్టే. సెమినార్లో చప్పట్లు కూడా పడ్డాయి. తీరా గుంటూరు వైపు ఒక చేలోకి ఫోన్ పట్టుకెళ్తే, ఏ ఆకు చూపించినా బొబ్బరే అంది. పక్కనున్న రైతు కాసేపు చూసి, "ముందు ఆకు తిరగేసి చూడబ్బాయ్, నల్లి అడుగునుంటది" అన్నాడు. ప్రోగ్రామ్‌కి నేర్పడానికి నేను తీసిన ఫొటోల్లో ఆకు అడుగు ఒక్కటంటే ఒక్కటి లేదు!

వచ్చాక, ఫొటోల్లో ఆకు ఉన్నచోట నల్ల చతురస్రం అతికించి మళ్ళీ నడిపాను. ఆకు కనపడకపోయినా చాలావాటికి సరైన జవాబే ఇచ్చింది. అప్పుడు వెలిగింది: బొబ్బర ఆకులన్నీ చేలో ఎండలో తీశాను, మిగతావి ల్యాబ్‌లో తెల్ల చార్టు మీద. పాపం అది ఎండనీ చార్టునీ చక్కగా నేర్చుకుంది.

నాకంటే పెద్దవాళ్ళకీ ఇలాంటిదే ఎదురైంది. 2016లో అమెరికాలోని పెన్ స్టేట్, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీల పరిశోధకులు 14 పంటల ఆకుల ఫొటోలు 54,306 తీసుకుని తెగులు గుర్తుపట్టే మోడల్, అంటే ఫొటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్, చేశారు. అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం కరెక్ట్. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలిస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ సంగతి పేపర్లో వాళ్ళే దాచకుండా రాశారు. మన సెమినార్లలో మాత్రం ఎప్పుడూ 99 ఒక్కటే వినిపిస్తుంది, ఎందుకో మరి.

వేరే శాఖల్లోనూ అసలు పని మోడల్‌కి ముందే జరుగుతుంది. నాకు బాగా నచ్చేది ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో బొగ్గు చేసిన పాపిరస్ చుట్టల (పాతకాలపు కాగితం మీద రాసిన పుస్తకాల) సంగతి. విప్పితే పొడైపోతాయి. కెంటకీ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రెంట్ సీల్స్ బృందం వాటిని ఎక్స్‌రేలతో స్కాన్ చేయించి, చదవమని 2023లో అందరికీ పోటీ పెట్టింది. కేసీ హాండ్మర్ అనే ఆయన గంటల తరబడి స్కాన్లు ఉత్త కళ్ళతో చూసి, సిరా ఉన్నచోట బురద ఎండి నెర్రెలిచ్చినట్టు ఒక ఆనవాలు పట్టాడు. నెబ్రాస్కా విద్యార్థి ల్యూక్ ఫారిటర్ దాన్నే మోడల్‌కి నేర్పితే, ఊదా రంగుకి సంబంధించిన గ్రీకు మాట ఒకటి బయటపడింది.

ప్రొటీన్ల ఆకారం అంచనా వేసి, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా తెచ్చిన ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ కూడా అంతే. 1971 నుంచి ప్రొటీన్ డేటా బ్యాంకులో ఒక్కో ప్రొటీన్ ఆకారాన్ని కష్టపడి చేర్చిన ల్యాబులు లేకపోతే అది దేన్ని చూసి నేర్చుకునేది?

కాబట్టి మొదటి ఆర్నెల్లు కోడ్ గురించి బెంగ వద్దు. ఫొటో ఎవరు తీశారు, ఎక్కడ, ఏ వెలుతురులో, తెగులు పేరు ఎవరు తేల్చారు, ఇవన్నీ రిజిస్టర్లో రాయండి. నేను రాయలేదు, అందుకే ఒక సీజన్ మొత్తం మళ్ళీ చేల వెంట తిరిగాను.

మీది ఏ మొక్కో చెప్పలేదు. హెర్బేరియం షీట్లతో (ఎండబెట్టి అట్టకి అతికించిన మొక్కలతో) అయితే మాత్రం, మూలనుండే లేబులూ స్కేలూ ఫొటోలోంచి కత్తిరించేశాకే మొదలుపెట్టండి. లేకపోతే అది ఆకుని వదిలేసి, సేకరించినాయన చేతిరాతని గుర్తుపడుతుంది.